మాలచ్చికి కొన్న బుట్ట

"మాలచ్చి వత్తేనే నాను వత్తాను. లేదంటే మీరూ మీరూ ఎల్లి రండి," అని తేల్చి చెప్పి పాపాయమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

జ్యోతిర్మయి అత్తగారి వంక చూడలేదు, కంచం వంక చూసింది. పులుసు కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. చేపముక్క మాత్రం ముల్లు తీసి, మెత్తగా చిదిమి, కంచం అంచున పక్కకు పెట్టి ఉంది. అది పిల్లి వాటా. ఈ మధ్య ఆవిడ మాటలకన్నా ఆవిడ కంచమే జ్యోతిర్మయికి ఎక్కువ సంగతులు చెబుతోంది.

"విన్నావా?" అన్నాడు దేవీప్రసాద్ చెయ్యి కడుక్కుంటూ. "నలుగురికి టిక్కెట్లు తీత్తానంటే అయిదోది పిల్లికట. రేపు కిటికీ పక్క సీటు కూడా అడుగుతాది."

"నాన్నా, మాలచ్చికి పాస్‌పోర్టు ఫొటో నేను తీస్తా," అంది కీర్తన. ఇంటర్ పరీక్షలు అయిపోవస్తున్న సంబరంలో ఆ పిల్లకు అంతా నవ్వులాటగానే ఉంది. ఆ పిల్లకు ఏమీ తెలియదు. పాపాయమ్మకూ తెలియదు. ఆ ఇంట్లో తెలిసింది ఇద్దరికే.

శివరాత్రి ముందు పాపాయమ్మకు కడుపులో నొప్పి మొదలైంది. మొదట వాము నమిలింది, తర్వాత ఇంగువ నీళ్ళు తాగింది. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించారు. ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరు వీళ్ళిద్దర్నీ లోపలికి పిలిచాడు. కోసి ప్రయోజనం లేదన్నాడు. మందులతో నొప్పి తగ్గించగలమన్నాడు. "ఈ వేసవి మీ చేతిలో ఉంది. ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను," అన్నాడు. దేవీప్రసాద్ బయటికొచ్చి, తల్లి ముందు నిలబడి, నవ్వు ముఖం పెట్టి, "గేసమ్మా. ఒట్టి గేసు. కారాలు తగ్గించాలట," అన్నాడు. "ఈ మాత్రం దానికి ఇంత పెద్ద మేడ ఎక్కించినారేటి," అని పాపాయమ్మ విసుక్కుంది.

ఆ రోజు ఆటోలో అతను భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికొచ్చాక వంటింట్లో ఒట్టు వేయించుకున్నాడు. "అమ్మకి తెలియకూడదు జ్యోతీ. నాన్నకి సెప్పినారు. సెప్పిన రోజున గోడవేపు తిరిగి పడుకున్నాడు. మరి మావేపు తిరగలేదు. వారం తిరక్కుండా పోయాడు. రోగం సంపలేదు నాన్నని, ఆ మాట సంపీసింది."

జ్యోతిర్మయి ఒట్టు వేసింది. వేసింది కానీ ఆమెది కందిపప్పులో ఒక్క రాయి ఉన్నా చేట మళ్ళీ మొదటి నుంచి చెరిగే స్వభావం. తణుకు నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి వచ్చిన తండ్రి ఇంట్లో పెరిగింది, బి.ఎస్సీ. చదివింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకో పద్ధతి ఆమెకు రాదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే మాత్ర చేతిలో పెట్టి, "గ్యాసుకండీ అత్తయ్యా," అని చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ పంటికింద ఆ రాయి తగులుతూనే ఉంది.

దుబాయ్ మాట దేవీప్రసాద్‌కు ఊరికే రాలేదు. పాపాయమ్మది పద్మనాభం పక్కన చిన్న పల్లె. ఒక్కగానొక్క తమ్ముడు వరహాలు పొలం అమ్ముకుని దుబాయ్‌లో తాపీ పనికి వెళ్ళాడు. అక్కడి నుంచి అక్కకు సెంటు సీసా పంపాడు, పూల దుప్పటి పంపాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "అక్కా, ఆకాసానికి ఆనీలాటి మేడలు కడతన్నాం. ఓసారి నిన్ను తెచ్చి సూపిత్తాను," అనేవాడు. వరహాలు పోయి చాలా ఏళ్ళయింది. టీవీలో ఆ ఊరు కనబడితే చాలు, పాపాయమ్మ చేతిలో పని వదిలేసి, "అల్లదిగో, అది మావోడు కట్టిందే," అని ప్రతి మేడనూ చూపించేది. చిన్నప్పటి నుంచి వింటున్న దేవీప్రసాద్‌కు తల్లికి ఏదైనా చెయ్యాలని తోచగానే ఆ మేడలే గుర్తుకొచ్చాయి. పోర్టులో క్రేను మీద కూర్చుని ఇరవై ఏళ్ళుగా దేశదేశాల పెట్టెలు ఓడల్లోకి ఎక్కించి దింపే మనిషి. తను మాత్రం సముద్రం ఏనాడూ దాటలేదు. సెలవు పెట్టాడు. అందరికీ పాస్‌పోర్టులు తీయించాడు. పాపాయమ్మ తన ఫొటో చూసుకుని, "దొంగముండలాగున్నాను, నన్నెవలు రానిత్తార్రా," అని పడీ పడీ నవ్వింది. అంతా సిద్ధమయ్యాక అడ్డం పడింది పిల్లి.

మాలచ్చి వాళ్ళింటికి చేపల తట్టలో వచ్చింది. జాలరిపేట నుంచి చినవాల్తేరు సందుల్లోకి చేపలు తెచ్చే ఆవిడ ఒక వానపొద్దున తట్ట దించి మూత తీస్తే, కవళ్ళ చేపల మీద ముడుచుకుని ఇదుంది. ఎప్పుడు దూరిందో ఆవిడకే తెలియదు. "సేపలకి కొసరుగా తీసుకో అమ్మా," అంది. మూడు రంగుల పిల్లి ఇంటికి లక్ష్మి అని పాపాయమ్మ దాన్ని చీరకొంగులో తుడిచి లోపలికి తెచ్చింది. ఇప్పుడది ముసలిదైంది. ఒక కన్ను మసకేసింది. పాపాయమ్మ నులకమంచం మీద ఆవిడ కాళ్ళ దగ్గర తప్ప ఎక్కడా పడుకోదు, ఆవిడ చేత్తో పెడితే తప్ప తినదు. దేవీప్రసాద్‌కు పిల్లులంటే గిట్టదు. డ్యూటీకి బయల్దేరేటప్పుడు అది ఎదురొస్తే వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగి మరీ వెళతాడు.

"తాతబాబు వాళ్ళింట్లో పెడదామమ్మా. ఆడు నా కూడా పనిసేసినోడే కదా. ఆళ్ళావిడకి పిల్లులంటే ఇష్టం," అన్నాడు.

"ఆళ్ళావిడకి మొగుడన్నా ఇష్టమే. ఆడెలాగ సిక్కిపోనాడో సూడు," అంది పాపాయమ్మ.

సరే, అడిగితే పోయేదేముందని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పాపాయమ్మ కూడా వచ్చింది, పిల్లిని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని. డాక్టరు కుర్రవాడు, ఓపిగ్గా చెప్పాడు. మెడ దగ్గర చర్మం కింద చిప్పు పెట్టాలి. రేబిస్ టీకా వెయ్యాలి. ఆ తర్వాత రక్తం తీసి పరీక్షకు పంపాలి. అది వచ్చాక కూడా నెలలు ఆగాలి. మొత్తం తెమిలేసరికి కార్తీకం దాటిపోతుంది.

"ఇంకోటండీ, మీతోపాటు సీట్లో రానివ్వరు. కార్గోలో వెళుతుంది, పెట్టెలో పెట్టి."

"కార్గో అంటే?" అంది పాపాయమ్మ.

"సామాన్లతోపాటమ్మా. కింద వేరేగా ఉంటుంది."

అంతసేపూ డాక్టరుతో ఎదురు మాట్లాడుతున్న పాపాయమ్మ ఆ తర్వాత నోరెత్తలేదు. ఆటోలో పిల్లి తలమీద చెయ్యి వేసుకుని బీచి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఇంటి గుమ్మంలో దిగాక మాత్రం, "అయితే కార్తీకం ఎల్లినాకే ఎల్దుము. దుబాయేటి పారిపోతాదా? ఈ లోపల ఎండలు కూడా తగ్గుతాయి," అంది.

దేవీప్రసాద్ తలుపు తాళం తీస్తున్నాడు. తాళంచెవి చాలాసేపు తిరగలేదు.

మర్నాడు వంటింట్లోకి వచ్చి అతను తన ఉపాయం చెప్పాడు. పిల్లి వస్తుందనే చెబుదాం. డాక్టరుతో మళ్ళీ మాట్లాడాను, ఏదో దారి ఉందట అందాం. టిక్కెట్లు తీసేసి, బుట్ట కొందాం. బయల్దేరే రోజున ఎయిర్‌పోర్టుకి తాతబాబు వస్తాడు. అక్కడివాళ్ళు ఒప్పుకోలేదని చెప్పి వాడి చేతిలో పెట్టేద్దాం. అంత దూరం వచ్చాక అమ్మ వెనక్కి తిరగదు.

"ఆవిడ నన్ను అడిగితే ఏం చెప్పనండీ?"

"నువ్వేటీ సెప్పక్కర్లేదు. బుట్ట కొను, సాలు."

జ్యోతిర్మయి ద్వారకానగర్ వెళ్ళి బుట్ట కొంది. నీలం రంగు ప్లాస్టిక్ బుట్ట, ముందు తీగెల తలుపు, పైన పట్టుకోడానికి పిడి. ఏం తెచ్చినా అటూ ఇటూ తిప్పి, గడియ పడుతుందో లేదో పది మాట్లు చూసి కొనే మనిషి, ఆ రోజు షాపువాడు ముందు ఏది పెడితే అది తెచ్చేసింది.

బుట్ట ఇంటికి వచ్చిన దగ్గర నుంచి పాపాయమ్మకు పనే పని. పాత నేతచీర మడతలు పెట్టి బొంత కుట్టింది. పిల్లికి అలవాటవ్వాలని రోజూ మధ్యాహ్నం బుట్టలో రెండు ఎండు నెత్తళ్ళు వేసి దాని ముందు కూర్చునేది. "రాయే, ఎక్కు. మహారాణీలాగ ఎల్తావు," అని బతిమాలేది. అది మూతి లోపల పెట్టి, చేప అందుకుని, వెనక్కి వచ్చేసేది. చేపలావిడకు చెప్పింది, పాలవాడికి చెప్పింది, ఎదురింటి వాళ్ళకు చెప్పింది. "మా మాలచ్చి యిమానం ఎక్కుతాది. మీరెక్కినారా?" అని అడిగి మరీ చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు మాత్రం మాట మధ్యలో ఆపి, కడుపు మీద బొంత అదుముకుని, అది తగ్గాక సూది మళ్ళీ అందుకునేది.

జ్యోతిర్మయి ఇదంతా వంటింటి గుమ్మంలోంచి చూసేది. ఆవిడ కుట్టే ఒక్కొక్క కుట్టూ తను వేసిన ఒట్టు మీద పడుతున్నట్టుండేది. ఇంకో భయం కూడా ఉంది. ఎయిర్‌పోర్టులో, జనం మధ్య, పిల్లిని చేతిలోంచి తీసుకుంటే ఆవిడ ముఖం ఎలా ఉంటుంది? ఆ ముఖంతోనే వరహాలు మేడలు చూడాలి కదా. మిగిలిన కాసిని రోజుల్లో మొదటిది అలా మొదలవ్వాలా?

చింతపండు కాలం. ఏడాదికి సరిపడా చింతపండు కొని, ఎండబెట్టి, పిక్కలు తీసి జాడీకెత్తడం ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ ఉమ్మడి పని. ఆ మధ్యాహ్నం నడవాలో చాప మీద ఇద్దరూ కూర్చున్నారు. దేవీప్రసాద్ డ్యూటీలో ఉన్నాడు. కీర్తన స్నేహితురాలింటికి వెళ్ళింది. పిల్లి బుట్ట పక్కనే పడుకుని ఉంది, లోపల మాత్రం కాదు.

"అత్తయ్యా," అంది జ్యోతిర్మయి. "మాలచ్చి రాదండీ. డాక్టరు గారు ముందు చెప్పిందే నిజం. మిమ్మల్ని బయల్దేరదీయడానికి ఈ బుట్ట కొన్నాం."

చెప్పేసింది. ఆవిడ కోప్పడుతుందనుకుంది. పాపాయమ్మ చింతపిక్క తీసి ముంతలో వేసింది.

"ఏటో ఉన్నాదని నాననుకుంతనే ఉన్నాను. ఆడు పిల్లికి బుట్ట కొన్నాడంటే ఊరికే కొన్నాడేటి? అది ఎదురొత్తేనే నీల్లు తాగి ఎల్లీవోడు." నవ్వింది. "పోన్లే. నువ్వన్నా సెప్పినావు. అయితే నా మాటే మాట. కార్తీకం ఎల్లినాకే ఎల్దుము. అప్పటికి దాని పరీచ్చలన్నీ అయిపోతాయి కదా."

ఇప్పుడు జ్యోతిర్మయి ఏదో ఒకటి అనాలి. అనడానికి చాలానే ఉన్నాయి. ఆయనకు అప్పుడు సెలవు దొరకదని అనొచ్చు. కీర్తనకు కాలేజీ మొదలవుతుందని అనొచ్చు. టిక్కెట్లు మార్చడం కుదరదని అనొచ్చు. మూడూ ముందే తయారుగా పెట్టుకుంది కూడా. ఒక్కటీ నోటికి రాలేదు. చేతిలో ఉన్న చింతపండులో పిక్క ఎప్పుడో వచ్చేసింది, అయినా వేళ్ళు దాన్ని నొక్కుతూనే ఉన్నాయి.

పాపాయమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది.

"ఓలమ్మా, అంత తొందరేటి?" అంది మెల్లిగా.

జ్యోతిర్మయి రెండో చేత్తో చాప మీద పడ్డ పిక్కలు ఏరసాగింది.

"గేసు కాదేటి?"

సందులో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. పిల్లి చెవి కదిల్చి మళ్ళీ పడుకుంది. జ్యోతిర్మయి కళ్ళలోంచి నీళ్ళు చింతపండు మీద పడ్డాయి. తడి తగిలితే చింతపండు బూజు పడుతుందని పాపాయమ్మ దాన్ని ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"మీ మావకి సెప్పినారు, నాకు సెప్పలేదు. అంతేనా?"

"అత్తయ్యా, నేను ఒట్టు..."

"ఊరుకో. నువ్వేటీ సెప్పలేదు. నాను సూసినాను, అంతే." కొంగుతో ఆమె ముఖం తుడిచింది. తన ముఖం తుడుచుకోలేదు. తుడుచుకోవలసింది ఏమీ లేదక్కడ. చాలాసేపు గోడవైపు చూసింది. మామగారిలాగే ఆవిడా అటే తిరిగిపోతుందేమోనని జ్యోతిర్మయి చాప మీద ముందుకు జరిగింది. కానీ పాపాయమ్మ మళ్ళీ ఇటు తిరిగి ఇంకో చింతపండు అందుకుంది.

"మా వరాలుని ఎలాగ తెచ్చినారో తెలుసా నీకు? అప్పటికి నీకు పెల్లి కాలేదు. పెట్టిలో తెచ్చినారు. పోయిన ఎన్నాల్లకో! కాయితాలు కాయితాలని మా మరదలు తిరగని ఆపీసు లేదు. తెచ్చినోల్లు ఊరు బయట పాకలో దింపినారు. బయట పోయినోడిని ఊల్లోకి తేకూడదు, గుమ్మం దాటించకూడదు అన్నారు పెద్దలు. ఆడు కట్టుకున్న ఇల్లు అల్లక్కడ కనపడతంది. నాను తియ్యండర్రా, ఓసారి మొకం సూత్తానన్నాను. తియ్యలేదు. తియ్యకూడదన్నారు. అందులో మా తమ్ముడున్నాడో, దుంగున్నాదో నాకు ఇప్పటికీ తెల్దు."

జ్యోతిర్మయికి ఈ సంగతి తెలియదు. ఆవిడ ఇంతవరకూ సెంటు సీసా గురించే చెప్పింది, దుప్పటి గురించే చెప్పింది.

"ఆ మేడలు సూడాలని ఉన్నాది. ఎందుకు లేదు? కానీ ఆ రోజు డాక్టరు పెట్టిలో ఎట్టి సామాన్లతో అనగానే నాకు వరాలే కనపడినాడు. గేసనుకున్నప్పుడే అంత బెదిరినాను. ఇప్పుడు నాను అక్కడ పోతే ఏటి సేత్తాడు నా కొడుకు? రోజూ పెట్టిలెత్తే మనిసి, తల్లిని పెట్టిలో ఎత్తుతాడేటి? వొద్దు. నాను ఈ గుమ్మం లోపలే పోవాల. ఇక్కన్నుంచి మనుసుల భుజాల మీద మా ఊరి గోస్తనీ ఏటి ఒడ్డుకి ఎల్లాల. అంతే."

"ఆయనకి చెబుదాం అత్తయ్యా. మీకు తెలిసిపోయిందని..."

"సెప్పకు!" అంది పాపాయమ్మ. అంతసేపటిలో ఆవిడ గొంతు పెరిగింది అప్పుడొక్కసారే. "నాకు తెల్దనుకుంతన్నాడు కాబట్టే ఆడు నా ముందర నవ్వగలుగుతన్నాడు. తెలుసని తెలిత్తే నా మొకం సూడలేడు. ఆల్ల నాన్నని సూసినాడు కదా. సిన్నపిల్లడు ఆడు. సూడ్డానికే అంత మనిసి. సెప్పనని ఒట్టెయ్యి."

"మరి దుబాయ్ ఎందుకు వద్దంటున్నారని అడిగితే?" అంది జ్యోతిర్మయి, ఆవిడ చేతిలో చెయ్యి వేసి.

పాపాయమ్మ చెయ్యి చాచి పిల్లి మెడ మీద రాసింది.

"ఇదున్నాది కదేటి. దీని నెత్తినెట్టీయనా? మోత్తాది."

ఆ సాయంత్రం దేవీప్రసాద్ ఇంటికొచ్చి చొక్కా విప్పుతుండగానే ఆవిడ మొదలుపెట్టింది. పిల్లి బుట్టలో ఎక్కడం లేదంది. తాతబాబు ఇంట్లో పెట్టనంది. దాన్ని వదిలేసి కాదు కదా, దానితోపాటు కూడా తను రానంది. ముసలి పిల్లి, మసక కన్ను, యిమానం శబ్దానికి గుండె ఆగి చస్తుందంది. దేవీప్రసాద్ మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు. కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, మావఁయ్య కట్టిన మేడలమ్మా," అన్నాడు.

"టీవీలో సూసినాను, సాల్లే."

"నీ కోసరమే సేసినానమ్మా ఇదంతా!"

"నాను సెయ్యమన్నానేటి?"

అతని ముఖం నల్లబడింది. లేచి నిలబడ్డాడు. "పిల్లి ఎక్కువైపోనాదా నీకు? కన్నకొడుకు కంటే పిల్లి ఎక్కువా?"

జ్యోతిర్మయి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. పాపాయమ్మ ఆమె వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకుంది.

"ఎక్కువే," అంది. "అది నా మాట వింతాది."

టిక్కెట్లు రద్దు చేసేశాడు. ఆ రోజు నుంచి దేవీప్రసాద్ తల్లితో మాట్లాడడం మానేశాడు. డ్యూటీ నుంచి వచ్చి తిన్నగా గదిలోకి వెళ్ళిపోయేవాడు. మందుల చీటీ తనే చూసి తెచ్చేవాడు, పళ్ళు తెచ్చేవాడు, అన్నీ వంటింటి గట్టు మీద పెట్టి, "అమ్మ తిన్నాదా?" అని భార్యను అడిగేవాడు. నడవాలో నులకమంచం మీద పాపాయమ్మ ఆ మాట విని, "తిన్నానని సెప్పమ్మా," అనేది, గోడకు చెబుతున్నట్టు. మధ్యలో పిల్లి వచ్చి అతని కాళ్ళకు రాసుకుంటే కాలితో పక్కకు నెట్టేవాడు.

మిగిలినవే కొన్ని రోజులు. అందులో కొన్ని అలా పోయాయి. ఎన్ని పోయాయో జ్యోతిర్మయికి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. అన్నం వడ్డిస్తున్నప్పుడు, చొక్కాకి గుండీ కుడుతున్నప్పుడు ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఆ మాట చెబితే అతను వెళ్ళి తల్లి కాళ్ళ మీద పడతాడు. కానీ ఆ తర్వాత అతను నవ్వలేడు, ఆవిడ అడిగింది ఆ నవ్వొకటే. ఇద్దరికి రెండు ఒట్లు వేసింది జ్యోతిర్మయి. ఏది నిలబెట్టినా రెండోది గుచ్చుతూనే ఉంది. మంచి కోడలంటే అబద్ధాలు చక్కగా ఉతికి ఆరేసి మడతపెట్టేదేనా అనుకునేది ఒక్కోసారి.

వైశాఖం చివర్లో ఒక సాయంత్రం కరెంటు పోయింది. సముద్రం మీద నుంచి గాలి కూడా లేదు. దేవీప్రసాద్ అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. నడవాలో పాపాయమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. చేతి గాజు మోచేతి దాకా జారిపోయింది. అతను చెప్పులు కూడా విప్పకుండా అలాగే నిలబడిపోయాడు. తర్వాత మేకుకు వేలాడుతున్న తాటాకు విసనకర్ర తీసి, మంచం పక్కన నేలమీద కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

కాసేపటికి ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఎవలది?" అంది.

"నానే."

"అయితే కొంచెం కిందకి ఇసురు. అది కూడా ఉడుక్కుపోతంది."

దేవీప్రసాద్‌కు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. నవ్వుతూ నవ్వుతూ విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పాపాయమ్మ చెయ్యి చాచి అతని జుట్టులో వేళ్ళు పెట్టింది. లోపల దీపం వెలిగించబోతున్న జ్యోతిర్మయి అగ్గిపుల్ల గియ్యకుండా ఆగిపోయింది.

ఆషాఢం మొదటి వానల్లో పాపాయమ్మ పోయింది. ఇంట్లోనే, మధ్య గదిలో, కొడుకు చేతిలోంచి రెండు చుక్కలు మజ్జిగ తాగి పోయింది. పిల్లి అంతకు ముందురోజే ఆవిడ కాళ్ళ దగ్గర నుంచి లేచి కిటికీలోకి మారిపోయింది. వాన కాస్త తెరిపిచ్చాక బండిలో పద్మనాభం తీసుకెళ్ళారు. లోపలి నుంచి గుమ్మం దాటి బయటికి వెళ్ళిందావిడ. బయటి నుంచి లోపలికి తేవాలా వద్దా అని ఎవరూ ఆలోచించవలసిన పని పడలేదు. బండి దిగిన దగ్గర నుంచి గోస్తనీ ఒడ్డు దాకా మనుషులు భుజాలు మార్చుకుంటూ మోశారు. ఒక భుజం దేవీప్రసాద్‌ది, అతను మాత్రం మార్చుకోలేదు.

పల్లెలో పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక చుట్టాలందరూ పందిట్లో కూర్చున్నారు. ఎవరో దుబాయ్ మాట ఎత్తారు. దేవీప్రసాద్ చెప్పడం మొదలుపెట్టాడు. "టిక్కెట్లు తీసీసినాను బావా. అన్నీ అయిపోనాయి. సివరికి పిల్లి రాపోతే నాను రానని కూర్చుంది. ఎంత బతిమాలినా వినలేదు. మావఁయ్య కట్టిన మేడలు సూడకుండానే ఎల్లిపోనాది, ఒక్క పిల్లి కోసరం!" చుట్టాలు నవ్వారు. ఆవిడ మొండితనం అందరికీ తెలిసిందే. తలో సంగతీ చెప్పుకున్నారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. దేవీప్రసాద్ కూడా తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "ఆ పిల్లి లేకపోతే వచ్చీసునే. కదా జ్యోతీ?"

అందరూ ఆమె వైపు చూశారు.

"అవునండీ," అంది జ్యోతిర్మయి.

ఇంటికి తిరిగొచ్చాక పిల్లి అన్నం ముట్టలేదు. జ్యోతిర్మయి పెట్టినా ముట్టలేదు, కీర్తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెట్టినా ముట్టలేదు. నులకమంచం గోడకు నిలబెట్టేశారు. అదెక్కడ పడుకోవాలో తెలియక ఇల్లంతా తిరిగి తిరిగి చివరికి ఆ నీలం బుట్టలోకి దూరింది. బొంత మీద ముడుచుకుని పడుకుంది. అప్పుడు ఎంత బతిమాలినా ఎక్కనిది ఇప్పుడు రమ్మన్నా బయటికి రావడం లేదు.

మైల తీరాక చేపలావిడ సందులోకి వచ్చి, అలవాటుగా గుమ్మంలో తట్ట దించబోయి, ఆగి, లోపలికి తొంగిచూసింది. జ్యోతిర్మయి కవళ్ళు తీసుకుంది. ఆ మధ్యాహ్నం దేవీప్రసాద్ అన్నానికి కూర్చుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, కంచం పట్టుకుని లేచాడు. జ్యోతిర్మయి గుమ్మంలోంచి చూసింది. అతను నడవాలోకి వెళ్ళి బుట్ట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నీ మూలంగానే కదే," అన్నాడు బుట్టలోకి చూస్తూ. "నీ మూలంగానే మాయమ్మ ఏటీ సూడకుండా పోయింది. పాపిష్టిదానా."

జ్యోతిర్మయి ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

అతను చేపముక్క తుంచి, వేలితో ముల్లు ఒకటొకటే ఏరి పక్కన పెట్టాడు. మెత్తగా చిదిమాడు. చేతికి అలవాటు లేని పని, ఒక ముల్లు మిగిలిపోతే మళ్ళీ వెతికి తీశాడు. అప్పుడు ఆ వేళ్ళు తీగెల తలుపులోంచి లోపలికి పెట్టి, "తిను," అన్నాడు. "తినవే మాలచ్చీ."

పిల్లి మసక కన్నుతో అతన్ని చూసింది. చాలాసేపటికి మెడ చాచింది.